రింగ్స్ ఆఫ్ పవర్: టోల్కీన్ మూలానికి ఎక్కడ దగ్గర, ఎక్కడ దూరం? (సంవత్సరాలు చూపించి మాట్లాడండి)

#1 కాచిగూడ_కెలెబ్రింబోర్ (మోడరేటర్)

అమెజాన్ తీసిన ఈ టీవీ సీరీస్ (టోల్కీన్ లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌కి ముందు కథ) మీద మన దగ్గర ఇప్పటికే నాలుగైదు థ్రెడ్లు తిట్లతో మొదలై తిట్లతోనే మూతపడ్డాయి. ఇది వేరేగా నడుపుదాం. మొదటి రెండు సీజన్ల వరకే చర్చ. అంటే 2022 సెప్టెంబర్‌లో మొదలైన ఎనిమిది ఎపిసోడ్లు, 2024 ఆగస్టు చివర్లో మొదలైన ఎనిమిది. స్పాయిలర్లు ఉంటాయి, చూడనివాళ్లు ఇక్కడే ఆగండి.

"మార్చేశారు" అని ఊరుకుంటే సరిపోదు. పుస్తకంలో ఏముంది, ఎక్కడుంది, తెర మీద ఏమైంది, దానివల్ల కథలో ఏం తేడా వచ్చింది, అన్నీ రాయాలి. "మూలం" అన్నప్పుడు ఏ పుస్తకమో కూడా చెప్పండి. వచ్చే నెల బాగ్‌లింగంపల్లిలో కూర్చున్నప్పుడు ఈ థ్రెడ్‌నే ప్రింటు తీసి పంచుతాం, కాబట్టి సంవత్సరాలు సరిచూసుకుని వేయండి.

#2 వారాసిగూడ_వకీలు

హక్కుల సంగతి ముందు తేలకపోతే మిగతాదంతా గాల్లో వాదనే. హాబిట్, లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సినిమా హక్కులను టోల్కీన్ 1969లో అమ్మేశారు. 1973లో పోయారు. సిల్మరిలియన్ (1977), అన్‌ఫినిష్డ్ టేల్స్ (1980) ఆయన పోయాక కొడుకు క్రిస్టొఫర్ కూర్చి అచ్చు వేయించినవి. అవి ఆ అమ్మకంలో లేవు. 2017 నవంబర్‌లో అమెజాన్ కొన్నది లార్డ్ ఆఫ్ ద రింగ్స్, దాని అనుబంధాలు, హాబిట్. అంతే. అప్పటి వార్తల్లో వచ్చిన ధర దాదాపు 25 కోట్ల డాలర్లు.

సీరీస్ నడిచేది రెండో యుగంలో, అంటే లార్డ్ ఆఫ్ ద రింగ్స్ కథకి వేల ఏళ్ల ముందు, దుష్టుడు సౌరాన్ మోసంతో మాయ ఉంగరాలు పుట్టిన కాలంలో. ఆ యుగం కథ విస్తారంగా ఉన్నవి సిల్మరిలియన్ చివరి రెండు భాగాలూ, అన్‌ఫినిష్డ్ టేల్సూ. కొన్న పుస్తకంలో ఆ యుగానికి దక్కింది అనుబంధాల్లో కొన్ని పేజీలు, ఎల్రోండ్ సభ అధ్యాయంలో ఎల్రోండ్ (చావులేని ఎల్ఫ్ జాతి పెద్ద) నోట వచ్చే గతం, అక్కడక్కడ ఒకటి రెండు వాక్యాలు. అంటే కథ ఉన్న పుస్తకం తెరవకూడదు, కథ జాడ మాత్రమే ఉన్న పుస్తకం వాడుకోవాలి. కొన్ని పేర్లు విడిగా అనుమతి తీసుకుని తెచ్చుకున్నారు. "అన్నాతార్" అన్న పేరు (సౌరాన్ మారువేషంలో పెట్టుకున్నది) లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌లో ఎక్కడా లేదు, రెండో సీజన్‌లో మాత్రం ఉంది.

అందుకని ప్రతి మార్పునీ మూడు డబ్బాల్లో ఒకదాంట్లో వేయమంటాను. కొన్న పుస్తకానికే విరుద్ధంగా ఉంటే తప్పు. కొనని పుస్తకాన్ని తప్పించుకోవడానికి చేసిందైతే బలవంతం. ఎక్కడా ఏమీ రాయని చోట నింపితే పూరణ. పూరణ బాగుందా లేదా అనేది రుచి, దాన్ని తప్పు అనకూడదు.

#3 మల్కాజ్‌గిరి_మిథ్రిల్

వకీలన్నా, డబ్బాలు మంచిగున్నయి గానీ మిథ్రిల్ (మరుగుజ్జుల గనులల్ల దొరికే వెండిలాంటి లోహం) ముచ్చట ఏ డబ్బాల వేస్తవ్? మొదటి సీజన్ అయిదో ఎపిసోడ్‌ల కొండ మీద చెట్టు, చెట్టుల సిల్మరిల్ అనే వెలుగు మణి, దాని కోసం ఎల్ఫ్‌కీ బాల్రోగ్ అనే అగ్గి భూతానికీ కొట్లాట, పిడుగు పడుడు, కొండ వేర్లల్లకి వెలుగు దిగుడు... ఆ లోహం లేకుంటే ఎల్ఫ్‌లు వసంతం లోపట్నే వాడిపోతరంట! గిది ఏ పుస్తకంల ఉంది?

#4 వారాసిగూడ_వకీలు

ఏ పుస్తకంలోనూ లేదు తమ్ముడూ. మోరియా అనే మరుగుజ్జుల గనిలో మాంత్రికుడు గాండాల్ఫ్ చెప్పేది చదువు: రాగిలా సాగుతుంది, గాజులా మెరుగెక్కుతుంది, మెరుపు తగ్గదు, ఉక్కు కంటే గట్టిది, బరువుండదు, ప్రపంచంలో అక్కడే దొరుకుతుంది. వైద్యగుణం ఊసే లేదు. ఎల్ఫ్ నాయిక గలాద్రియెల్ ఉంగరం నెన్యా మిథ్రిల్‌తో చేసిందని మాత్రం చివరి అధ్యాయంలో ఒక మాట ఉంది. ఆ ఒక్క మాటని పట్టుకుని సీజన్ మొత్తం అల్లారు. పూరణ డబ్బానే, కానీ పేలవమైన పూరణ. ఎందుకంటే ఎల్ఫ్‌లు ఉంగరాలు ఎందుకు చేశారన్న దానికి పుస్తకంలో కారణం ఉంది: ఇష్టపడిన లోకం చెయ్యిజారి పోకుండా, కాలం మరక పడకుండా నిలుపుకోవాలనే ఆశ. ఆ ఆశలోంచే పతనం పుడుతుంది. దాని బదులు "వసంతంలోగా మందు దొరక్కపోతే చస్తాం" అని పెడితే అది ఆపద అయిపోతుంది. ఆపదలో ఉన్నవాడు ఉంగరం చేసుకుంటే అందులో అతని తప్పేముంది?

#5 తార్నాక_తారీఖులు

అసలు చిక్కు మిథ్రిల్ కాదు, కాలం. అనుబంధం బి (సంవత్సరాల పట్టిక) ముందు పెట్టుకోండి, అంతా కొన్న పుస్తకంలోనిదే. రెండో యుగం సంవత్సరాలు:

1200 ప్రాంతం: సౌరాన్ ఎల్ఫ్‌లను మచ్చిక చేసుకోవడానికి వస్తాడు. ఎల్ఫ్ రాజు గిల్-గలాద్ మాట కలపడు, ఎరెగియన్ దేశపు ఎల్ఫ్ కమ్మరులు బుట్టలో పడతారు.
1500 ప్రాంతం: ఉంగరాల తయారీ మొదలు.
1590 ప్రాంతం: ఎల్ఫ్‌ల మూడు ఉంగరాలు పూర్తి.
1600 ప్రాంతం: ఒరోద్రుయిన్ అగ్నిపర్వతంలో సౌరాన్ మిగతావాటిని ఏలే ఒక్క ఉంగరం చేస్తాడు.
1697: ఎరెగియన్ నాశనం, కమ్మరుల పెద్ద కెలెబ్రింబోర్ మరణం.
2251: మనుషుల ద్వీపరాజ్యం న్యూమెనోర్‌లో చీలిక. ఆ రోజుల్లోనే నాజ్‌గూల్ (ఉంగరాలకి దాసులైన తొమ్మిది మంది మనుషులు) మొదటిసారి కనిపిస్తారు.
3209: న్యూమెనోర్ మనిషి ఇసిల్డుర్ పుట్టుక.
3255: న్యూమెనోర్‌లో ఫరజోన్ రాజదండం లాక్కుంటాడు.
3262: సౌరాన్ బందీగా న్యూమెనోర్‌కి.
3319: న్యూమెనోర్ మునక.
3441: సౌరాన్ ఓటమి, యుగాంతం.

కెలెబ్రింబోర్ చనిపోయిన 1512 ఏళ్లకు ఇసిల్డుర్ పుట్టాడు. సీరీస్‌లో ఇద్దరూ ఒకే కాలంలో తిరుగుతున్నారు. ఎందుకలా చేశారో తెలుసు: ఎల్ఫ్‌లు ముసలివాళ్లు కారు, మనుషులు అవుతారు, ఉన్నది ఉన్నట్టు తీస్తే ప్రతి సీజన్‌కీ మనుషుల పాత్రలన్నీ చచ్చి కొత్తవాళ్లు రావాలి. టీవీకి అది కష్టమే. ఒప్పుకుంటా. కానీ దానికి కట్టిన వెల చూడండి.

సౌరాన్ నమ్మకం సంపాదించడానికి 300 ఏళ్లు పట్టింది. మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో హాల్‌బ్రాండ్ (మనిషి వేషంలో ఉన్న సౌరాన్) గాయంతో ఎరెగియన్‌లో దిగి, కోలుకుని, కెలెబ్రింబోర్‌కి లోహాలు కలపడం గురించి సలహా ఇచ్చి, అదే ఎపిసోడ్‌లో దొరికిపోతాడు. మధ్య భూమిలో కెలెబ్రింబోర్‌ని మించిన కమ్మరి లేడు, అలాంటివాడికి లోహమిశ్రమం సంగతి దారినపోయేవాడు గుర్తుచేయాలా? పెద్దాయన బుర్ర తక్కువవాడిలా కనపడింది అందుకే. నటుడి తప్పు కాదు. రెండో సీజన్‌లో అన్నాతార్‌గా తిరిగొచ్చి మెల్లగా అతన్ని ఒంటరిని చేసే భాగం ఎందుకు బాగుందంటే, అక్కడ పనికి సమయం ఇచ్చారు.

తొమ్మిది ఉంగరాల మనుషులకీ అంతే. ఎరెగియన్ పడిపోయిన 1697 నుంచి నాజ్‌గూల్ కనపడిన 2251 దాకా దాదాపు 550 ఏళ్లు. చావు రాకుండా ఆయుష్షు సాగి సాగి, బతుకే భారమై, కంటికి కనపడకుండా పోవడమే ఆ ఉంగరం చేసే పని. దాన్ని ఒకటి రెండు సీజన్లలో చూపించాలంటే ఏదో మంత్రం పెట్టుకోవాల్సిందే.

#6 నాంపల్లి_నాజ్‌గూల్

కాలం కుదించడం మీద నాకు పేచీ లేదు. దూరం కుదించడం మీద ఉంది. లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌లో ఉంగరం మోసిన బృందం ఎల్రోండ్ ఇంటి నుంచి డిసెంబర్ 25న బయల్దేరి, జనవరి రెండో వారానికి ఎరెగియన్ దేశం చేరింది. వాళ్లలో ఫ్రోడో సౌరాన్ అగ్నిపర్వతం ఎక్కింది మార్చి 25న. మధ్యలో లోరియెన్‌లో నెలరోజుల విశ్రాంతి తీసేసినా నెలన్నర నడక. హాల్‌బ్రాండ్ అదే దారి తిరుగుముఖంగా, పొట్టలో గాయంతో, గుర్రం మీద, ఒక ఎపిసోడ్‌కీ ఇంకో ఎపిసోడ్‌కీ మధ్య ఖాళీలో వచ్చేశాడు. మ్యాప్ ఉన్న ఫాంటసీలో ఇది పెద్ద లోపం. పటం చూపించి మరీ దాన్ని లెక్కచేయకపోతే చూసేవాడు ప్రమాదాన్ని నమ్మడు. రెండో సీజన్‌లో ఎరెగియన్ ముట్టడిలో ఉన్నప్పుడు సాయం ఎప్పుడొస్తుందన్న ఉత్కంఠ పని చేయకపోవడానికి ఇదీ కారణం. ఎవరు ఎక్కడికైనా అవసరమైనప్పుడు చేరిపోతారని అప్పటికే అలవాటు చేశారు కదా.

#7 అంబర్‌పేట_అర్వెన్

ఉంగరాల వరుస గురించి ఎవరూ ఎత్తలేదేంటి? నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద మార్పు అదే.

పుస్తకాల వరుస: ముందు సౌరాన్ నేర్పిన విద్యతో కమ్మరులు ఏడు (మరుగుజ్జులకి చేరినవి), తొమ్మిది (మనుషులకి చేరినవి) చేస్తారు. ఆ తర్వాత కెలెబ్రింబోర్ ఒక్కడే, సౌరాన్ లేకుండా, మూడు చేస్తాడు. ఆ వెనక సౌరాన్ ఒక్కటి. సీరీస్ వరుస: మూడు, ఏడు, తొమ్మిది.

వరుస మారితే ఏమవుతుంది? పుస్తకంలో మూడు ఉంగరాలు శిష్యుడు గురువుని దాటిన మెట్టు. వందేళ్ల సాధన తర్వాత వచ్చిన పని, అందుకే అవి గొప్పవి. సీరీస్‌లో అవే మొదటి ప్రయత్నం. మొదటి ప్రయత్నమే అత్యుత్తమమై, తర్వాతవి నాసిరకం అయ్యాయన్నమాట. దాన్ని నిలబెట్టడానికి రెండో సీజన్ మొత్తం "ఈసారి ఎందుకు కుదరట్లేదు" అనే సంభాషణలు రాసుకోవాల్సి వచ్చింది.

కాకపోతే ఒక చోట జాగ్రత్త పడ్డారు, అది చెప్పకపోతే అన్యాయం. మూడింటినీ సౌరాన్ చేయలేదు, ఎన్నడూ తాకలేదు అని ఎల్రోండ్ సభలో ఉంది. మొదటి సీజన్ చివర్లో ఆ కొలిమి సీను మళ్లీ చూడండి. గలాద్రియెల్ అన్న ఫిన్‌రోద్ బాకు కరిగిస్తారు, అందులోని వెండి బంగారాలు మిథ్రిల్‌తో కలుస్తాయి, మూడు ఉంగరాలు బయటికొస్తాయి. అప్పటికే హాల్‌బ్రాండ్ బండారం బయటపడి వెళ్లిపోయాడు. సలహా అతనిదే, చెయ్యి మాత్రం పడలేదు. అక్షరం దాటకుండా ఉన్నారు, భావం సంగతి మీరు తేల్చండి.

#8 తార్నాక_తారీఖులు

అక్కా, అక్షరం నిలబెట్టి భావం వదిలేయడమే నాకు ఎక్కువ కోపం తెప్పించేది. "తాకలేదు" అన్న మాట అర్థం అతనికి వాటితో సంబంధమే లేదని. సలహా అతనిది, సగం సూత్రం అతనిది అయ్యాక తాకితే ఎంత, తాకకపోతే ఎంత?

#9 అంబర్‌పేట_అర్వెన్

అంత మాట వద్దు తమ్ముడూ. పుస్తకంలోనూ మూడు ఉంగరాలు సౌరాన్ విద్యతో పుట్టినవే, అందుకే ఒక్క ఉంగరానికి లోబడి ఉంటాయి, అది కరిగితే వీటి శక్తీ పోతుంది. సంబంధమే లేకపోతే గలాద్రియెల్ చివర్లో పడమటికి ఓడెక్కాల్సిన పనే లేదు.

#10 మల్కాజ్‌గిరి_మిథ్రిల్

మీరంత పెద్ద పెద్దవి మాట్లాడుతున్నరు, రెండో సీజన్ ఏడో ఎపిసోడ్‌ల ముద్దు సంగతి ఎవ్వరు ఎత్తరేంది? ఎల్రోండ్ పోయి గలాద్రియెల్‌కి ముద్దు పెట్టుడేంది? ఆమె బిడ్డ కెలెబ్రియన్‌నే గద ఆయన చేసుకునేది. అత్తమ్మ అన్నా, అత్తమ్మ!

#11 వారాసిగూడ_వకీలు

పెళ్లి మూడో యుగం 109లో. చట్టప్రకారం అప్పటికింకా అత్తగారు కాదు 😀 ఆ ముద్దు చాటున సంకెళ్లు విప్పుకోవడానికి ఆమె చేతిలో పిన్ను పెట్టాడు, కథలో దాని పని అది. అయినా వేరే ఉపాయం దొరకలేదా అంటే దొరికేది. అసలు ప్రశ్న ఆమె భర్త కెలెబోర్న్ ఎక్కడ అని. అనుబంధం బి మొదట్లోనే అతని పేరు, గలాద్రియెల్ అతని భార్య అన్న మాట ఉన్నాయి. సీరీస్‌లో యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదని ఒక్క డైలాగుతో సరిపెట్టారు. తప్పు డబ్బాకి దగ్గర, తిరిగొస్తే పూరణ.

#12 నారాయణగూడ_నన్నయ

మన దగ్గర దీనికి సరైన పోలిక మాయాబజార్ అని ఇదివరకు ఒక థ్రెడ్‌లో ఎవరో రాశారు. కుదరదు. శశిరేఖ కథ వ్యాసుడిలో లేకపోయినా జనం నోట, నాటకాల్లో ముందే పండిపోయి ఉంది. చూసేవాడికి ఆ కథ తెలుసు.

దగ్గరి పోలిక ఎఱ్ఱన. నన్నయ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో, శరదృతు వర్ణన దగ్గర ఆగిపోయాడు. తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. ముందూ వెనకా ఇద్దరు మహాకవులు నిలబెట్టిన గోడలుంటే మధ్య ఖాళీని 14వ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. ప్రీక్వెల్ రాసేవాడి పరిస్థితి అదే: చివర ఎక్కడ కలవాలో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. ఎఱ్ఱన ఏం చేశాడు? నన్నయ రచన అన్నట్టుగానే రాజరాజ నరేంద్రుడికి అంకితం చేశాడు. మొదట్లో నన్నయ నడక, పోనుపోనూ తిక్కన నడక. అతుకు వెతికి పట్టుకోవాలి.

ఈ సీరీస్‌లో అతుకులు ఎక్కడ కనపడుతున్నాయంటే భాషలో. గలాద్రియెల్, ఎల్రోండ్ పాతకాలపు గంభీరంతో మాట్లాడతారు. ఒక్కోసారి బరువైన వాక్యం వినపడుతుంది గానీ లోపల విషయం ఉండదు. మొదటి ఎపిసోడ్‌లో ఓడ ఎందుకు తేలుతుంది, రాయి ఎందుకు మునుగుతుంది అన్న ఉపదేశం దానికి నమూనా. టోల్కీన్ గంభీరంగా రాసినప్పుడు మాట కింద ఎప్పుడూ ఒక వస్తువు ఉంటుంది: ఒక కొండ, ఒక వంశం, ఒక కత్తి పేరు.

#13 వారాసిగూడ_వకీలు

నన్నయ గారూ, పోలిక బాగుంది, ఒక్క తేడా చేర్చండి. ఎఱ్ఱన ముందు వ్యాసభారతం తెరిచి ఉంది. వీళ్లు తమ వ్యాసభారతాన్ని తెరవకూడదు. చదివారని మనకి తెలుస్తుంది, వాడుకోకూడదు. కెలెబ్రింబోర్ చావు చూడండి. అతని ఒంటినిండా బాణాలు దిగి, శవాన్ని కర్రకి కట్టి సౌరాన్ జెండాలా మోయించినట్టు అన్‌ఫినిష్డ్ టేల్స్‌లో ఉంది. అది కొనని పుస్తకం. రెండో సీజన్ చివరి ఎపిసోడ్‌లో సౌరాన్ ఒక్కొక్క బాణమే దింపి, చివరికి ఈటెతో గుచ్చి పైకెత్తుతాడు. తెలిసినవాడికి జెండా కనపడుతుంది. సీరీస్ మొత్తంలో మూలం మీద ప్రేమ ఎక్కువ కనపడిన చోటు నాకు ఇదే.

#14 సైనిక్‌పురి_సెప్టన్

హౌస్ ఆఫ్ ద డ్రాగన్ సీరీస్‌ని (గేమ్ ఆఫ్ థ్రోన్స్‌కి ముందు కథ) దీనితో పోల్చి చూస్తే వీళ్ల కష్టం అర్థమవుతుంది. దాని మూలం ఫైర్ అండ్ బ్లడ్ (2018) నవల కాదు, కల్పిత చరిత్ర గ్రంథం. ఒకే సంఘటన గురించి మఠాధిపతి ఒకటి చెబుతాడు, విదూషకుడు మష్రూమ్ ఇంకోటి చెబుతాడు, చరిత్రకారుడు మధ్యలో తల పట్టుకుంటాడు. సీరీస్ ఏం చూపించినా "అసలు జరిగింది ఇది" అనొచ్చు. రాణి అలిసెంట్‌ని సవతి కూతురు రెనీరా ఈడు స్నేహితురాలిగా మార్చడం అలా చెల్లిపోయింది, పుస్తకంలో ఆమె చాలా పెద్దది.

అక్కడా చేదు లేకపోలేదు. అలిసెంట్ కూతురు హెలైనాకి పుస్తకంలో ముగ్గురు పిల్లలు. చిన్నవాడు మేలోర్‌ని సీరీస్‌లో తీసేశారు. హంతకులు "ఏ కొడుకో నువ్వే చెప్పు" అని తల్లిని అడగడం, ఆమె చిన్నవాడి పేరు చెప్పడం, వాళ్లు పెద్దవాణ్ణి చంపడం, బతికిన చిన్నవాడికి తల్లి తనని చావుకి ఎంచిందని తెలిసి ఉండడం, ఈ గొలుసంతా పోయింది. రచయిత మార్టిన్ 2024 సెప్టెంబర్‌లో తన బ్లాగులో దీని మీదే రాసి, తర్వాత ఆ పోస్టు తీసేశారు. ఒక చిన్న పాత్ర తీస్తే మూడు మలుపుల అవతల ఏది కూలుతుందో చూసుకోవాలని ఆయన వాదన. కెలెబోర్న్‌కి కూడా అదే వర్తిస్తుంది.

#15 నాంపల్లి_నాజ్‌గూల్

న్యూమెనోర్ గురించి నాలుగు ముక్కలు. అక్కడివాళ్లకి ఎల్ఫ్‌ల మీద కోపం ఎందుకు? అనుబంధం ఎ ప్రకారం వాళ్లకి దీర్ఘాయుష్షు ఇచ్చారు గానీ చావు తప్పదు, పడమటికి తమ తీరం కనపడనంత దూరం ఓడలు నడపకూడదని నిషేధం. చావంటే భయం తరతరాలుగా ముదిరి, చావులేని ఎల్ఫ్‌ల మీద అసూయగా మారింది. సీరీస్ మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో వీధిలో ఒకడు నిలబడి, ఎల్ఫ్‌లు వచ్చి మన పనులు లాక్కుంటారని రెచ్చగొడతాడు. ఒకే ఒక్క ఎల్ఫ్ ఊళ్లోకి వచ్చింది, అదీ సేనాని! ఏ పని లాక్కుంటుంది? చావు భయం అనే అంత లోతైన కారణం చేతిలో పెట్టుకుని, కొన్న పేజీల్లోనే ఉన్నదాన్ని వదిలి, వార్తల్లో వినే గొడవ తెచ్చిపెట్టారు. ఇది తప్పు డబ్బానే, పెద్ద తప్పు.

#16 మల్కాజ్‌గిరి_మిథ్రిల్

మరుగుజ్జులది మాత్రం మస్తు చేసిన్రు. గది గూడ రాయుండ్రి.

#17 అంబర్‌పేట_అర్వెన్

రాయాల్సిందే. అనుబంధం ఎ మూడో భాగంలో డురిన్ వంశం ఉంది. మరుగుజ్జులని ఉంగరాలు లోబరుచుకోలేకపోయాయి, నీడలుగా మార్చలేకపోయాయి, వాళ్ల మీద పనిచేసింది ఒక్కటే, బంగారం మీద ఆశని రాజెయ్యడం. రెండో సీజన్‌లో మూడో డురిన్ రాజు సరిగ్గా ఆ దారినే పోతాడు: ముందు ఉంగరం చూపిన చోట తవ్వితే వెలుతురు వస్తుంది, జనం బతుకుతారు, తర్వాత పన్ను, తర్వాత ఇంకా లోతు, ఇంకా లోతు. తండ్రీకొడుకుల మధ్య పెరిగే దూరం నటనలో బాగా పండింది. బాల్రోగ్ మాత్రం తేదీ తప్పింది. పుస్తకంలో అది లేచింది మూడో యుగం 1980లో, చంపింది ఆరో డురిన్‌ని.

#18 కాచిగూడ_కెలెబ్రింబోర్ (మోడరేటర్)

బాగా నడుస్తోంది. చర్చకి వచ్చేవాళ్లు పుస్తకంలో ఇవి చదివి రండి: ముందుమాటలో హాబిట్‌ల గురించిన భాగం, మొదటి పుస్తకం రెండో అధ్యాయం, రెండో పుస్తకం రెండో అధ్యాయం (ఎల్రోండ్ సభ), అనుబంధం ఎ మొదటి, మూడో భాగాలు, అనుబంధం బి లో రెండో యుగం. ఓ వారం రాత్రులు కూర్చుంటే అయిపోతుంది. తర్వాత ఇంకా ఆసక్తి ఉంటే 2022 నవంబర్‌లో వచ్చిన ఫాల్ ఆఫ్ న్యూమెనోర్ చూడండి. బ్రయన్ సిబ్లీ సంపాదకత్వంలో రెండో యుగం సరుకంతా అనుబంధం బి వరుసలోనే పేర్చారు.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొనేవాళ్లు ముందు చివరి పేజీలు తిప్పండి. అనుబంధాలు ఎ నుంచి ఎఫ్ దాకా ఆరూ ఉండాలి. మూడు సంపుటాలుగా కొంటే అవి మూడోదాంట్లో ఉంటాయి, మొదటి రెండే కొని లాభం లేదు. పాత ఒక సంపుటి పేపర్‌బ్యాక్ దొరికితే ఇంకా జాగ్రత్త. 1968 నాటి దాంట్లో అరగోర్న్, అర్వెన్ కథ ఒక్కటి ఉంచి మిగతా అనుబంధాలు కోసేశారు.

గాండాల్ఫ్ ఏ డబ్బా? అది తేలితే ప్రింటుకి ఇచ్చేస్తా.

#19 తార్నాక_తారీఖులు

తప్పు డబ్బా. మాంత్రికులు మధ్య భూమికి వచ్చింది మూడో యుగం 1000 ప్రాంతంలో అని అనుబంధం బి స్పష్టంగా చెబుతోంది. హార్‌ఫుట్‌లు (హాబిట్‌లలో ఒక తెగ) ఎరియడోర్‌కి వచ్చినట్టు రాసింది 1050 ప్రాంతంలో. సీరీస్‌లో ఓ అపరిచితుడు రెండో యుగంలోనే హార్‌ఫుట్‌ల మధ్య ఉల్కలో దిగి, రెండో సీజన్ చివర్లో గాండాల్ఫ్ అన్న పేరు పెట్టించుకున్నాడు.

#20 వారాసిగూడ_వకీలు

పేరు తప్పు, రాక బలవంతం అని రెండు డబ్బాల్లో వేయాలి. టోల్కీన్ చివరి రోజుల్లో రాసుకున్న ఒక నోట్ ప్రకారం ఇద్దరు నీలి మాంత్రికులు రెండో యుగంలోనే వచ్చి తూర్పుకి వెళ్లారు. 1996లో పీపుల్స్ ఆఫ్ మిడిల్-ఎర్త్‌లో అచ్చయింది, అది కూడా కొనని పుస్తకమే. కొన్న పుస్తకంలో మాంత్రికులు అయిదుగురు అన్న లెక్క ఒక్కటే దొరుకుతుంది, సారుమాన్‌తో మాట్లాడే అధ్యాయంలో. ఆ ఇద్దరి రంగూ లేదు, ప్రయాణమూ లేదు. తూర్పున రూన్ వైపు పోయే ఆ మనిషి నీలి మాంత్రికుడికి అచ్చంగా సరిపోతాడు.

#21 నారాయణగూడ_నన్నయ

అయితే పేరు పెట్టకుండా వదిలేయాల్సింది. ఎవరు పెట్టమన్నారు?

#22 వారాసిగూడ_వకీలు

మార్కెటింగ్ వాళ్లు, ఇంకెవరు. కాచిగూడ అన్నా, పేరు తప్పు డబ్బాలో వేసి ప్రింటుకి ఇచ్చెయ్. లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌లో పాత అడవి దగ్గర ఉండే టాం బాంబడిల్‌ని రూన్‌లో ఎందుకు దింపారో మాత్రం విడిగా థ్రెడ్ కావాలి, దానికి ఈ డబ్బాలు సరిపోవు.